రెండు గుంపుల మధ్య ఏముంది?

"ఇదంతా అదృష్టమేనండీ, ఇందులో తెలివేముంది?" రంగులు కలిపే ఆటల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఒకే రంగు గోళీలు పక్కపక్కన చేరితే వేలితో నొక్కడం, అవి మాయమై పైవి కిందకు జారడం, మళ్లీ వెతుక్కోవడం. చూడబోతే బుర్ర ఖర్చయ్యే పనేమీ లేదు. కానీ ఒకే పలక ఇచ్చి ఇద్దరిని ఆడమంటే ఒకరికి ఏడెనిమిది వందలు వస్తాయి, రెండోవారికి మూడు వేలు దాటుతుంది. మర్నాడు వేరే పలక ఇచ్చినా దాదాపు అదే వరస. అదృష్టమే అయితే రోజూ ఒకే మనిషిని వరిస్తుందా?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు అదృష్టాన్ని ఆటలోంచి తీసి పక్కన పెట్టాలి. క్యాండీ క్రష్‌లో పైనుంచి ఏ మిఠాయి రాలుతుందో మన చేతిలో లేదు. అక్కడ వచ్చిన స్కోరులో మన వాటా ఎంతో, కలిసొచ్చిన వాటా ఎంతో విడదీయడం కష్టం. అందుకని ఈ అధ్యాయంలో ఎక్కువసేపు మరో ఆట దగ్గర కూర్చుందాం. దాని పేరు సేమ్ గేమ్. 1985లో జపాన్‌లో కునియాకి మోరిబె అనే ఆయన దీన్ని "చైన్ షాట్" పేరుతో తయారుచేశాడు. ఆనాటి ఫుజిట్సు కంప్యూటర్ల కోసం రాసిన ఈ ప్రోగ్రాం అక్కడి ఆస్కీ మాసపత్రికలో అచ్చయింది. కంప్యూటర్ ఆటను పత్రికలో చూసి ఇంట్లో టైపు చేసుకునే రోజులవి. 1992లో ఎయిజి ఫుకుమోటో దాన్ని యూనిక్స్ యంత్రాలకు మార్చినప్పటి నుంచి సేమ్ గేమ్ అన్న పేరు స్థిరపడింది. లినక్స్ వాడేవాళ్లకు ఇది కేసేమ్‌గా తెలుసు. పాత విండోస్ మొబైల్ ఫోన్లు వాడినవాళ్లు జాబ్రేకర్ పేరుతో దీని తమ్ముణ్ణి ఆడే ఉంటారు.

పద్ధతి ఇది. అడ్డంగా 15, నిలువుగా 15, మొత్తం 225 గోళీలు. అయిదు రంగులు. అంచులు తాకేలా చేరిన ఒకే రంగు గోళీలు ఒక గుంపు. మూలల దగ్గర తాకితే లెక్కలోకి రాదు. రెండు, అంతకుమించి ఉన్న గుంపును నొక్కితే పోతుంది. పైనున్నవి కిందకు జారతాయి. ఒక నిలువు వరస పూర్తిగా ఖాళీ అయితే కుడివైపువన్నీ ఎడమకు జరిగి ఆ సందు మూసేస్తాయి. కొత్త గోళీ ఒక్కటి కూడా రాదు. మొదటి నొక్కుకు ముందే పలకంతా మన కళ్ల ముందుంది. ఆ తరువాత జరిగేదంతా మనం చేసుకున్నదే.

పాయింట్లు ఎలా పెరుగుతాయి

గుంపులో ఎన్ని గోళీలున్నాయో లెక్కపెట్టండి. అందులోంచి రెండు తీసేయండి. మిగిలినదాన్ని దానితోనే గుణించండి. అదే మీకొచ్చే పాయింట్లు. ఒక్కో రూపంలో ఈ సూత్రం కాస్త అటూఇటూగా ఉంటుంది కానీ ఎక్కువగా వాడేది, పరిశోధకులు ప్రామాణికంగా పెట్టుకున్నదీ ఇదే.

ఈ లెక్కన రెండు గోళీల గుంపుకు వచ్చేది సున్నా. మూడుకు ఒకటి. అయిదుకు తొమ్మిది. పదికి 64. ఇరవైకి 324. నలభైకి 1,444. పది గోళీల గుంపులు రెండింటిని విడివిడిగా నొక్కితే 128 పాయింట్లు వస్తాయి. అవే ఇరవై గోళీల్ని ఒకటిగా కలిపి నొక్కితే 324. గోళీలు అవే, పలక అదే. కలిసేదాకా ఆగినందుకు వచ్చిన లాభం 196.

ఇంకో వైపు నుంచి చూద్దాం. అయిదు గోళీల గుంపుకు ఆరోది చేర్చితే ఏడు పాయింట్లు పెరుగుతాయి. ఇరవై అయిదు గోళీల గుంపుకు ఇంకొక్కటి చేర్చితే 47 పెరుగుతాయి. ఒక గోళీ విలువ అది ఏ గుంపులో చేరిందన్నదాన్ని బట్టి ఉంటుందన్నమాట. చిన్న గుంపులో దానికి విలువ లేదు, పెద్ద గుంపులో ప్రతి కొత్త గోళీ అంతకుముందు చేరినదానికన్నా ఎక్కువ తెస్తుంది. గణితంలో దీన్ని వర్గంగా పెరగడం అంటారు.

225 గోళీల్లో ఒక్కో రంగుకు సగటున 45 వస్తాయి. ఆ 45నీ మూడేసి చొప్పున పదిహేను సార్లు తీసేస్తే పదిహేను పాయింట్లు. ఒకే దెబ్బకు తీస్తే 1,849. మొదట్లో చెప్పిన ఇద్దరు ఆటగాళ్ల తేడా ఇక్కడే ఉంది. ఏడొందలు వచ్చినవాడు మందకొడివాడు కాదు, బహుశా రెండోవాడికన్నా చురుగ్గానే నొక్కి ఉంటాడు. కనిపించిన గుంపునల్లా నొక్కాడు, అంతే.

పలకంతా ఊడ్చేస్తే అదనంగా వెయ్యి పాయింట్లిస్తారు. 34 గోళీల గుంపును ఒకేసారి తీస్తే వచ్చేదానికి (1,024) ఇది దగ్గర దగ్గర సమానం. అంటే ఊడ్చేయడం లాభమే కానీ, దానికోసం మంచి గుంపును చీల్చుకుంటే నష్టం. ఇక నొక్కడానికేమీ లేక ఆట ఆగిపోతే, మిగిలిపోయిన గోళీలను రంగు రంగునా లెక్కపెట్టి అవన్నీ ఒక గుంపే అన్నట్టుగా ఇదే సూత్రంతో పాయింట్లు కోస్తారు. ఒక రంగువి ఒకటో రెండో మిగిలితే ఫరవాలేదు. అదే రంగువి ఇరవై అక్కడొకటీ ఇక్కడొకటీగా మిగిలితే 324 పోయినట్టే.

కన్ను చేసే మోసం

లెక్క ఇంత తేలికైతే అందరూ ఎందుకు ఆగలేరు? తప్పు వేలిది కాదు, కంటిది.

1980లో ఆన్ ట్రైస్మన్, గ్యారీ గెలాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపుకు సంబంధించి ఒక సిద్ధాంతం ప్రచురించారు. నీలి చుక్కల మధ్య ఒక్క ఎర్ర చుక్క ఉంటే అది వెతక్కుండానే కంట పడుతుంది. నీలి చుక్కలు పది ఉన్నా, వంద ఉన్నా పట్టే సమయం దాదాపు ఒకటే. రంగువంటి ఒక్క లక్షణాన్ని పట్టుకోవడానికి మెదడుకు శ్రమ లేదు, పలకంతా ఒక్కసారే చదివేస్తుంది. అదే "ఎర్రగా ఉండి, నిలువుగా ఉన్నది" అని రెండు లక్షణాలు కలిపి వెతకమంటే ఒక్కొక్కదాని మీదకీ దృష్టి పోవాల్సిందే. అక్కడ వస్తువులు పెరిగేకొద్దీ సమయం పెరుగుతుంది.

గోళీల పలక ముందు కూర్చున్నప్పుడు జరిగేది ఇదే. ఇప్పటికే చేరి ఉన్న గుంపు శ్రమ లేకుండా కనిపిస్తుంది, నొక్కమని పిలుస్తుంది. మూడు నొక్కుల తరువాత చేరబోయే గుంపు ఏ రూపంలోనూ తెర మీద లేదు. దాన్ని ఒక్కొక్క గోళీనీ కదిపి ఊహించుకోవాలి. ఈ ఆటల్ని తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కాసేపు ఏమీ నొక్కకపోతే తెర మీద ఏదో ఒక జత మెరుస్తూ ఊగడం చూసే ఉంటారు. ఆ సూచన చెప్పేది "ఇక్కడ నొక్కవచ్చు" అని మాత్రమే, "ఇక్కడ నొక్కడం మంచిది" అని కాదు. దాని మాట వినకపోవడం నా మటుకు మొదటి వ్యూహం.

కంటి అలవాటును మార్చుకునే ఉపాయం ఒకటుంది. గుంపుల్ని చూడకండి. ఒకే రంగు గుంపులు రెండింటిని ఎంచుకుని, వాటి మధ్య ఏముందో చూడండి. మధ్యనున్నది పోతే అవి రెండూ కలుస్తాయా? మధ్యనున్నది పోవాలంటే దానికి జత ఎక్కడుంది? ఆట మొత్తం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

జారడంలో ఉన్న తర్కం

చిన్న పలకతో మొదలుపెడదాం. రెండే నిలువు వరసలు, ఒక్కోదాంట్లో నాలుగు గోళీలు. ఎడమ వరసలో కింద రెండు ఎరుపు, వాటి మీద రెండు పసుపు. కుడి వరసలో కింద రెండు పసుపు, వాటి మీద రెండు నీలం. పసుపువి నాలుగున్నాయి కానీ ఎడమవి పైన, కుడివి కింద, తాకడం లేదు. ఇప్పుడు పసుపు జతల్ని ఒక్కొక్కటిగా నొక్కారనుకోండి, సున్నా, సున్నా. తరువాత ఎరుపు, నీలం కూడా సున్నాలే. అలా కాకుండా ముందు ఎరుపు నొక్కండి. ఎడమ పసుపువి కిందకు జారి కుడి పసుపు పక్కన కూర్చుంటాయి. నాలుగింటి గుంపు, నాలుగు పాయింట్లు. ఎరుపుకు వచ్చింది సున్నానే అయినా, ఆ సున్నా నొక్కే పని చేసింది. ఈ ఆటలో మంచి నొక్కుల్లో చాలావాటికి పాయింట్లు రావు.

పెద్ద పలక మీద ఇదే సంగతి కాస్త క్రమంగా ఆలోచిస్తే మూడు నిజాలు తేలతాయి.

పైన ఉన్నది తీస్తే ఏదీ కదలదు. అడుగున ఉన్నది తీస్తే దాని మీదున్నదంతా కదులుతుంది. కాబట్టి కట్టుకున్న ఏర్పాటు చెడకుండా పని జరగాలంటే పైనుంచి రావాలి. ఏర్పాటే లేక పలక ఇరుక్కుపోయినప్పుడు అడుగు నుంచి కదపాలి. మొదట్లో, పలక నిండుగా ఉన్నప్పుడు, అడుగున తొందరపడి నొక్కేవాళ్లు అప్పటిదాకా చూసిపెట్టుకున్నదంతా తామే చెరుపుకుంటారు.

రెండో సంగతి చాలామంది గమనించరు. అడ్డంగా పరుచుకున్న మూడు గోళీల గుంపును తీస్తే, వాటి మీదున్న మూడు వరసలూ కలిసి ఒక్క మెట్టు దిగుతాయి. ఆ మూడింటిలో ఒకదానికొకటి ఉన్న పొత్తు చెడదు. రెండు చివర్ల పక్కనున్న వరసలతో మాత్రమే ఒక మెట్టు తేడా వస్తుంది. అదే నిలువుగా ఉన్న మూడు గోళీల గుంపును తీస్తే ఒకే వరస మూడు మెట్లు దిగుతుంది. దాని మీదున్న ప్రతి గోళీకీ ఇటూ అటూ ఇరుగుపొరుగు మారిపోతారు. కాబట్టి ఉన్న పొందిక కాపాడుకోవాలంటే అడ్డ గుంపులు, దూరంగా ఉన్నవాటిని ఒక తలానికి తేవాలంటే నిలువు గుంపులు. ఎన్ని మెట్లు దింపాలో లెక్కేసుకుని సరిగ్గా అన్ని గోళీలున్న నిలువు గుంపును నొక్కడం ఈ ఆటలో వచ్చే అసలైన తృప్తి.

మూడోది వరసల ఎత్తు. పక్క వరస పొట్టిగా, ఈ వరస పొడుగ్గా ఉంటే, పైకి పొడుచుకొచ్చిన భాగానికి పక్కన తాకడానికి ఎవరూ లేరు. ఆ భాగంలో రంగులు ఒకదానిమీదొకటి వేరువేరుగా ఉంటే అది చచ్చుబడినట్టే. వరసలు కాస్త సమానంగా దిగేలా చూసుకోవాలి. ఇక వరస ఖాళీ అయి సందు మూసుకునే సందర్భాన్ని దాచి వాడుకోవాలి. ఒక వరసకు అటొకటీ ఇటొకటీ ఉన్న పెద్ద గుంపుల్ని కలపడానికి అంతకన్నా మంచి దారి లేదు. అయితే ఆ రెండూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడే అది పనికొస్తుంది.

దాపుడు రంగు

ఆట మొదలుకాగానే రంగులు లెక్కపెట్టడం మంచి అలవాటు. అయిదింటిలో ఏదో ఒకటి మిగతావాటికన్నా ఎక్కువగా ఉంటుంది, యాభయ్యో యాభై రెండో. దాన్ని ముట్టుకోకూడదని పెట్టుకోండి. దాన్ని దాపుడు రంగు అందాం.

ఇలా ఎందుకు దాచాలో చెప్పే చక్కని వాస్తవం ఒకటుంది. మిగతా నాలుగు రంగులూ పలక మీద నుంచి పూర్తిగా పోయాయనుకోండి. అప్పుడు మిగిలిన దాపుడు గోళీలు తప్పనిసరిగా ఒకే గుంపుగా ఉంటాయి. మనం ప్రత్యేకంగా చేర్చనక్కరలేదు. ఎందుకంటే ప్రతి వరసలోనూ అవి అడుగుకు జారి ఉంటాయి, ఖాళీ వరసల సందులు మూసుకుపోయి ఉంటాయి. కాబట్టి ప్రతి వరసలో అట్టడుగు గోళీ పక్క వరసలోని అట్టడుగు గోళీని తాకుతూనే ఉంటుంది. వాటి మీదున్నవి వాటిని తాకుతాయి. మొదటి నుంచి చివరిదాకా గొలుసు తెగే చోటే లేదు. యాభై గోళీలు అలా మిగిలితే ఆఖరి నొక్కుకు 2,304, పలక ఊడ్చినందుకు ఇంకో 1,000. ఒక్క నొక్కుతో మూడు వేల మూడొందలు.

చెప్పినంత తేలికైతే ఇక ఆటేముంది? దాపుడు రంగును ముట్టుకోనంతసేపూ అవే గోళీలు మిగతా రంగులకు గోడలై నిలుస్తాయి. ఎరుపుకూ ఎరుపుకూ మధ్య దాపుడు ఆకుపచ్చ ఒకటి ఇరుక్కుంటే, దాన్ని కదపకుండా ఆ ఎరుపుల్ని కలపాలి. కొన్నిసార్లు కుదరదు. అప్పుడు దాపుడు గుంపులో మారుమూలనున్న జతను బలివ్వడం తప్పు కాదు. యాభై నుంచి రెండు పోతే 48కి వచ్చేది 2,116. నూటతొంభై దాకా నష్టం. ఆ జత అడ్డుపడి చివరికి పలక ఊడ్చలేకపోతే పోయేది అంతకన్నా చాలా ఎక్కువ. ఎప్పుడు పట్టుబట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది తేల్చే సూత్రం లేదు. అక్కడే అనుభవం మాట్లాడుతుంది.

ఆట సగం దాటాక మిగిలిన నాలుగు రంగుల్లో ఇంకొకదాన్ని రెండో దాపుడుగా పెట్టుకోవచ్చు. ఆఖరుకు ముందు అది ఇరవై ముప్పై గోళీల గుంపుగా చేరితే మరో మూడొందలో, ఏడొందలో వస్తాయి.

ఆఖరి దశలో శత్రువు ఒంటి గోళీ. ఒక రంగువి రెండు మిగిలితే పోతాయి, మూడు మిగిలినా పోతాయి. సరి బేసి బాధ లేదు. ఒక్కటి మిగిలితే మాత్రం దానికిక జత పుట్టదు, పలక ఊడ్చే అవకాశం అక్కడితో సరి. అందుకని ఏ రంగైనా అయిదారు గోళీలకు తగ్గినప్పుడు దాన్ని నొక్కేముందు ఒక్క క్షణం ఆగి, ఈ గుంపు పోయాక ఆ రంగువి ఇంకెన్ని మిగులుతాయో పలకంతా చూడాలి. ఒక్కటే మిగిలేట్టుంటే ముందు దాన్ని ఈ గుంపు పక్కకు తెచ్చుకోవాలి. వెనక్కి తీసుకునే మీట ఉన్న రూపాల్లో దాన్ని వాడడం నామోషీ అనుకోనక్కరలేదు. ఒకే పలకను రెండు మూడు రకాలుగా ఆడి చూస్తే తప్ప ఏ నొక్కు ఏ పొత్తును చెడగొట్టిందో తెలియదు.

యంత్రం కూడా వెతుక్కోవాల్సిందే

అంతా కళ్ల ముందే ఉంది కదా, కంప్యూటర్‌కు ఇస్తే అన్ని దారులూ చూసి అన్నిటికన్నా మంచిది చెప్పేయదా? చెప్పలేదు. ప్రామాణిక పలక మీద ఒక ఆట సగటున 64 నొక్కుల దాకా సాగుతుంది, ఒక్కో నొక్కు దగ్గరా ఇరవైకి పైగా గుంపులుంటాయి. మొత్తం దారులు లెక్కేస్తే ఒకటి పక్కన 85 సున్నాలు. సూర్యుడు ఆరిపోయేదాకా నడిపినా ఏ యంత్రమూ వీటిని పూర్తి చేయలేదు.

సరే, అన్నీ చూడకుండా తెలివైన అడ్డదారి ఉందేమో? ఇక్కడ గణితం కాస్త నిరాశపరిచే జవాబిస్తుంది. 2002లో తెరెసె బీడ్ల్, ఎరిక్ డెమెయిన్ తదితరులు ఈ ఆటనే క్లికోమేనియా అన్న పేరుతో పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. పలకను పూర్తిగా ఊడ్చడం వీలవుతుందా కాదా అన్న ఒక్క ప్రశ్నే తీసుకున్నారు. ఒకే నిలువు వరస ఉంటే త్వరగా తేల్చే పద్ధతి ఉంది. రెండు వరసలు, అయిదు రంగులు అయ్యేసరికి ఆ ప్రశ్న "ఎన్‌పీ-కంప్లీట్" అనే కష్టాల జాబితాలో చేరిపోయింది. 2017లో డెమెయిన్ మరికొందరితో కలిసి రెండే వరసలు, రెండే రంగులున్నా అంతే కష్టమని నిరూపించాడు. వరసల పొడవు పెరిగేకొద్దీ ఆ కష్టం పెరుగుతుంది.

ఆ జాబితాలో చేరడమంటే ఏమిటి? ఎవరైనా 64 నొక్కుల చీటీ రాసిస్తే, అది పలకను ఊడుస్తుందో లేదో వరసగా నొక్కి నిమిషాల్లో చెప్పవచ్చు. సరిచూడడం తేలిక. ఆ చీటీని కనిపెట్టడానికి మాత్రం ఖాయంగా, త్వరగా పనిచేసే దారి ఎవరికీ దొరకలేదు. అలాంటి దారి లేదని కూడా ఎవరూ నిరూపించలేదు. ఏదో ఒకటి తేల్చినవారికి క్లే గణిత సంస్థ 2000 నుంచి పది లక్షల డాలర్ల బహుమతి పెట్టి కూర్చుంది.

అన్నీ చూడలేనప్పుడు కొన్ని చూస్తాం. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు నలిపి చూస్తాం కదా, అదీ దారి. 1946లో స్తానిస్వావ్ ఊలమ్ అనే గణితవేత్త జబ్బు చేసి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరాట ఆడుకుంటున్నాడు. ఆట గెలిచే అవకాశం ఎంతో కాగితం మీద లెక్కగట్టబోయి విసిగి, ఓ వందసార్లు ముక్కలు పరిచి ఎన్నిసార్లు గెలిచానో చూస్తే సరిపోదా అనుకున్నాడు. ఆ ఆలోచనే లాస్ అలామోస్ ప్రయోగశాలలో అణు లెక్కలకు పనికొచ్చింది. జూదశాలల ఊరి పేరు మీద నికొలస్ మెట్రోపొలిస్ దానికి మాంటే కార్లో అని పేరు పెట్టాడు.

గోళీల పలక మీద దీన్ని ఇలా వాడతారు. ఇరవై గుంపుల్లో ఏది ముందు నొక్కాలో తెలియదు. ఒక్కోదాన్ని నొక్కి, అక్కణ్ణుంచి ఆట ముగిసేదాకా గుడ్డిగా ఆడేసి, ఎంత వచ్చిందో చూస్తారు. అలా వేలసార్లు. ఏ నొక్కు తరువాత ఫలితాలు బాగున్నాయో అటు మొగ్గుతారు. అయితే ఒక్క మెతుకు చాలడానికి ఒక కారణముంది: గిన్నెలో బియ్యమంతటికీ ఒకే నీరు, ఒకే సెగ తగిలింది. గోళీల పలక అలా సమంగా ఉడికిన గిన్నె కాదు. ఒక మూల మాడి ఉంటుంది, ఒక మూల పలుకుగా ఉంటుంది. అందుకని బాగా ఉడికినట్టున్న వైపు నుంచి ఎక్కువ మెతుకులు తీస్తూనే, చాలాసేపుగా చేయి పెట్టని వైపు నుంచి కూడా అప్పుడప్పుడు ఒకటి తీసి చూస్తుండాలి. ఈ సమతూకాన్ని లెక్కల్లో పెట్టిన పద్ధతి 2006లో వచ్చింది. 2016లో గో ఆటలో లీ సెడోల్‌ను ఓడించిన ఆల్ఫాగో వెనక ఉన్న వెతుకులాట కూడా ఈ కుటుంబానిదే.

2008లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో మార్టెన్ షాడ్ బృందం దీన్ని సేమ్ గేమ్‌కు మలిచింది. ఇద్దరాడే ఆటలో ఎదుటివాడు ఊరుకోడు కాబట్టి సగటు ఫలితం చూడాలి. ఒక్కడాడే ఆటలో అడ్డుపడేవారెవరూ లేరు, కాబట్టి ఒక్కసారి కనబడిన గొప్ప ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని వాళ్లు సూత్రం సవరించారు. నన్ను ఆకట్టుకున్నది వేరే చోట ఉంది. గుడ్డిగా ఆడే భాగంలో యంత్రం కూడా మన కొత్త ఆటగాడిలాగే దొరికిన గుంపునల్లా నొక్కేస్తోంది. పెద్ద గుంపు చేరే దారి దాని మెతుకుల్లో ఒక్కదాంట్లోనూ కనబడదు. అందుకని పలక మీద అన్నిటికన్నా ఎక్కువున్న రంగును ఆ గుడ్డి ఆటల్లో ముట్టుకోకూడదని ఒక కట్టుబాటు పెట్టారు. ఫలితాలు బాగుపడ్డాయి. మనం దాపుడు రంగు అన్నది, యంత్రానికి కూడా నేర్పాల్సి వచ్చింది. పరీక్షకు పెట్టుకున్న 20 పలకల మీద ఇలాంటి ప్రోగ్రాములకు ఒక్కో పలకకు సగటున మూడున్నర వేలకు పైనే వచ్చాయి.

పైనుంచి రాలే ఆటల్లో

ఇప్పుడు అదృష్టాన్ని తిరిగి ఆటలోకి తెచ్చుకుందాం. పక్కపక్కవాటిని తారుమారు చేసి మూడు కలిపే ఆటలకు 1994లో రష్యాలో వచ్చిన షారికి మూలం. 2001లో బిజువెల్డ్, 2012లో క్యాండీ క్రష్ దాన్ని ఇంటింటికీ చేర్చాయి. వీటిలో కొత్తవి రాలుతూనే ఉంటాయి కాబట్టి యాభై నొక్కుల ముందుచూపు పనికిరాదు. 2014లో టోబీ వాల్ష్, విడిగా ఇటలీ పరిశోధకులు ముగ్గురు, ఈ ఆటలు కూడా ఎన్‌పీ స్థాయి కష్టాలేనని నిరూపించారు. అయినా పైన చెప్పుకున్న జారుడు తర్కం ఇక్కడా నడుస్తుంది, ఒక్కోసారి తలకిందులుగా.

క్యాండీ క్రష్‌లో అడుగున మూడు కలిపితే మీదున్నదంతా కదులుతుంది, కదిలినవాటిలో కొన్ని వాటంతటవే కలుస్తాయి, పైనుంచి కొత్తవి వస్తాయి. ఆ కలయికలకు నొక్కు ఖర్చు లేదు. సేమ్ గేమ్‌లో అడుగున కదపడం ప్రమాదమైతే, ఇక్కడ వేరే పని లేనప్పుడు అదే లాభం. ఒక్క మినహాయింపు ఉంది. చారల మిఠాయి, రంగుబాంబు లాంటివి రెండు దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు అడుగున ముట్టుకోవద్దు, అవి చెదిరిపోతాయి. నాలుగు కలిస్తే చారల మిఠాయి, అయిదు ఒక వరసలో కలిస్తే రంగుబాంబు వస్తాయి కదా, వాటిని వచ్చిన వెంటనే పేల్చేయడం కూడా మళ్లీ ఆ చిన్న గుంపుల తొందరే. రంగుబాంబును చారల మిఠాయితో కలిపితే ఆ రంగు మిఠాయిలన్నీ చారలవై పేలతాయి. పని పూర్తయ్యాక మిగిలిన నొక్కులు ప్రత్యేక మిఠాయిలుగా మారి పేలి స్కోరు పెంచుతాయి కాబట్టి, ఇక్కడ దాచుకోవాల్సిన వస్తువు రంగు కాదు, నొక్కులే.

జపాన్ వాళ్ల పుయో పుయోలో (మొదటిది 1991) ఈ ఆగడానికి దక్కే ఫలితం మరీ ఎక్కువ. నాలుగు ఒకే రంగువి చేరితే పేలతాయి. అవి పోగా పైవి జారి ఇంకో నాలుగు కలిస్తే అది గొలుసు. 1994లో వచ్చిన రెండో ఆటలో నాలుగేసి చొప్పున నాలుగుసార్లు విడివిడిగా పేలిస్తే మొత్తం 160 పాయింట్లు. అవే నాలుగూ ఒక గొలుసుగా పేలితే మొదటిదానికి 40, రెండోదానికి 320, మూడోదానికి 640, నాలుగోదానికి 1,280, అన్నీ కలిపి 2,280. నేర్చుకునేవాళ్లకు అక్కడ మొదట చెప్పే పేర్పు మెట్లు. ఒక్కో నిలువు వరసలో ఒక రంగువి మూడు పెట్టి, నాలుగోదాన్ని పక్క వరసలోని మూడింటి మీద కూర్చోబెడతారు. పక్కవి పేలగానే అది జారి తన ముగ్గురి పక్కకు చేరుతుంది. రెండు రంగుల మధ్య ఏముండాలో ఇక్కడ మనమే పేర్చుకుంటాం. పేర్చే లోపు తెర నిండిపోతే ఆట అయిపోతుంది కాబట్టి, మెట్లు నేర్చుకునే రోజుల్లో మూడు పేలుళ్ల గొలుసు దగ్గర ఆగి పేల్చేయడం మేలు.